రెండో దళం విడిది

నా చెల్లెలి కూతురు పోయిన నెల వచ్చి ఇటుకల్లాంటి ఆరు పుస్తకాలు నా మంచం మీద పెట్టి వెళ్లింది. రాజ్యాలు, మంత్రగాళ్లు, రెక్కల పాములు, తరాల పగలు. ఆరూ కలిపి ఒకటే కథ. "పెద్దమ్మా, అన్ని చదివి నీ అభిప్రాయం చెప్పాలె. ఊకె బాగుందంటె ఒప్పుకోను" అంది.

చదివాను. ఆదివారం ఫోన్ చేసింది. ఇలాంటి కథల మీద నాకు అభిప్రాయాలకు కొదవ లేదు. మూడు భాగాల్లో తేలిపోయే కథను ఆరింటికి సాగదీశాడని చెప్పాను. చచ్చినవాణ్ణి ఒకసారి లేపి కూర్చోబెట్టాక ఇక ఆ కథలో ఎవరు చచ్చినా నాకు ఏడుపు రాదని చెప్పాను. రాక్షసుడు చేతికి చిక్కిన వీరుణ్ణి చంపకుండా తన పన్నాగమంతా రెండు పేజీలు వివరిస్తుంటే పుస్తకం మూసేయబుద్ధి అవుతుందని చెప్పాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఈయనకు భయం గురించి రాయడం రాదని చెప్పాను. ఉరుము ఉరుముతుంది, దీపం ఆరుతుంది, గుర్రం బెదురుతుంది, వీరుడు మాత్రం కత్తి దూస్తాడు. భయపడ్డ మనిషిని ఆ రచయిత ఎన్నడూ దగ్గరగా చూసినట్టు లేదు.

అది నవ్వింది. "సరె గని, మొదటి పుస్తకం ముందల మడతపెట్టిన మ్యాపు చూసినవా? ఎంత మంచిగుందో!"

"చూడలే."

"మ్యాపు చూడకుండ ఆరు పుస్తకాలు ఎట్ల చదివినవ్?"

"అద్దాలు మసకైనయి బిడ్డా, సన్న అక్షరాలు కనవడుతలేవు" అన్నాను.

అబద్ధం. ఆ మడత నేను విప్పలేదు. ఏ పుస్తకంలోనూ విప్పను. ఎందుకో చెప్పాలంటే దానికి మా కాక గురించి చెప్పాలి. ఫోనులో చెప్పే సంగతి కాదు.

మేముండే కాలనీ గోదావరికి దగ్గర, బొగ్గుబాయిలకు ఇంకా దగ్గర. వరుసకు పది క్వార్టర్లు, క్వార్టరుకు రెండు గదులు, ముందు చిన్న వరండా. పొద్దున లేచేసరికి ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజుకుంటూ ఉండేది. ఆ పొగ వాసన మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది. ఉందని మాకు తెలిసేది కాదు, వేరే ఊరికి పోయినప్పుడు లేకపోతే తెలిసేది. బాపు భూమి లోపల బొగ్గు నింపే పని చేసేవాడు. ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆకలి మీద ఉండేవాడు. అమ్మ మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క, ఎర్రగా కాల్చిన ఎండు మిరపకాయలు నలిపి చేసిన పచ్చిపులుసు ముందు పెట్టేది. ఆయన తిని చాప మీద వాలిన కాసేపటికి పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో రాళ్లు పేల్చే వేళయ్యేది. సైరను మోగేది, తర్వాత నేల ఒక్కసారి వణికేది, గూట్లో స్టీలు గిన్నెలు గల్లుమనేవి. బాపు నిద్రలోనే "అయిపాయె" అనేవాడు.

కాక బాపుకు తమ్ముడు. ఐటీఐ చదివి, కొలువు కోసం ఎదురుచూస్తూ మా దగ్గర ఉండేవాడు. వరండాకు తడక కట్టి దాన్నే తన గది చేసుకున్నాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, ఎప్పుడూ ఒక పుస్తకం. ఖని బజార్లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. అక్కడినుంచి ఒక్కో భాగం తెచ్చేవాడు. ఏడు భాగాల జానపద నవల అది. తమ్ముణ్ణి రాక్షసరాజు ఎత్తుకుపోతే అక్క వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆమె వెంట మూడు వేలమంది సైన్యం, ఆ సైన్యంలో మూడు దళాలు. రాక్షసుడి కోట పేరు అంగారదుర్గం. అందులోనుంచి పగలూ రాత్రీ పొగ లేస్తూ ఉంటుంది. అట్టలు ఊడి, నూనె మరకలు పడి, ఎవరివో పేర్లు పెన్నుతో రాసి ఉన్న ఆ పుస్తకాల వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉప్పు పల్లీలు తింటూ చదివి, పొట్టు పేజీల్లో వదిలేసేదాన్ని. షాపాయన తిట్లు కాక తినేవాడు.

నేను చదివితే ఇల్లంతా వినేది, అందరూ తలా ఒక వంక పెట్టేవారు. అమ్మకు చదువు రాదు, కానీ రచయితను ఆమె అంతగా ఎవరూ నిలదీయలేదు. "మూడు వేలమంది అడివిల పడి పోతున్నరు గదా, వాళ్లకు వండేది ఎవలు? వంట గంజులు ఎవలు మోస్తున్నరు? ఆ ముచ్చట రాయడేంది?" అనేది రొట్టె చరుస్తూ. బాపు కళ్లు మూసుకునే అందుకునేవాడు: "గా గుహల రెండు దినాలు దివిటీ ఎట్ల మండుతదే? లోపల గాలి ఆడకుంటె మనిషికంటె ముందు దీపం పోతది. రాసెటాయన బాయిల దిగలేదు." కాకకు మాత్రం దారులతో పేచీ. "మూడో భాగంల కోట ఏటికి అటు దిక్కున్నది. నాలుగో భాగంల ఇటు దిక్కు ఎట్ల వచ్చె? కోట ఈదుకుంట వచ్చిందా?"

"ఇటే ఉన్నది కాకా. నువ్వే మంచిగ చదవలే."

"అయితె గీసి సూపియ్."

అట్లా మొదలైంది. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాజ్యమంతా గీశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నాకు తెలిసిన ఏరు ఒక్క గోదావరే కాబట్టి ఏరు అట్లాగే వంకర తిరిగింది. ఏటి మీద వంతెన వేయాలంటే నాకు తెలిసింది రైలు వంతెన. అంగారదుర్గానికి పొగ కావాలి కదా, కరకట్ట మీదినుంచి కనిపించే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలను మూడింటినీ పెట్టేశాను. ఏటికి అవతల అడవి. అడవిలో చిన్న త్రికోణాలు గీసి పక్కన పేర్లు రాశాను. ఒకచోట 'ఆయుధాల గుహ'. ఒకచోట 'రెండో దళం విడిది'. అక్కడినుంచి కోట దాకా ఒక బాణం గీసి, 'ఇటునుంచి దాడి' అని రాశాను. కాక చూసి మురిసిపోయాడు. "నీ అంత దారి తెలిసినోడు రాస్తె బాగుండునే ఈ పుస్తకం" అని దాన్ని మడిచి నాలుగో భాగంలో పెట్టుకున్నాడు.

ఆ కాలం ఎట్లాంటిదో ఇక్కడ చెప్పాలి. గోదావరి అవతల అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లు తిరిగే రోజులవి. వాళ్ల కోసం జీపులు తిరిగే రోజులు. వాళ్ల గుంపును దళం అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఏ వాడలోనో ఒక పిల్లగాణ్ణి తీసుకుపోయారట అంటే పెద్దవాళ్లు మమ్మల్ని బయటికి తోలి తలుపు దగ్గరికి వేసేవారు. ఆ మాట నేను వినలేదా అంటే విన్నాను. కానీ పుస్తకంలో దళం వేరు, అమ్మ గుసగుసగా అనే దళం వేరు. ఆ రెండూ ఒకటే మాటని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున కాలనీ చుట్టూ పోలీసు జీపులు ఆగాయి. బాపు ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. అమ్మ తలకాయ కూరకు మసాలా నూరుతోంది. వరుసగా ఒక్కో క్వార్టరు వెతుక్కుంటూ వస్తున్నారని పక్కింటామె చెప్పింది. మా ఇంట్లో దాచడానికి ఏమీ లేదు కాబట్టి నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. నలుగురు వచ్చారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, బాపు పాత డ్యూటీ బూట్లు దులిపారు, వరండాలోకి పోయి కాక ట్రంకుపెట్టె బోర్లించారు. ఒకాయన నాలుగో భాగాన్ని కాళ్లు పట్టుకున్న కోడిలా తలకిందులుగా పట్టి విదిలించాడు. కాగితం జారి పడింది.

విప్పి చూసి ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఆ ఇంకొకాయన బయటికి వెళ్లి, సర్కిల్ ఇన్స్‌పెక్టరును తీసుకొచ్చాడు. ఆయన ఈ ప్రాంతపువాడు కాదు, మాటలో తెలిసింది. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఏరు, రైలు వంతెన, మూడు పొగగొట్టాలు, బాణం.

"ఇది ఎవరు గీశారు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

అప్పుడు నాకు ఆ రెండు మాటలూ ఒకటేనని తెలిసింది. అల్లం వెల్లుల్లి వాసన ఒక్కసారి ఘాటుగా ముక్కుకు కొట్టింది. ఇప్పటికీ పచ్చి మసాలా నూరుతుంటే నేను ఆ గదిలో ఉండలేను. కాక నా వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే.

"నాదే సార్" అన్నాడు.

అమ్మ నోరు తెరవబోయింది. ఆమెకు ఆ కాగితం ఎవరిదో తెలుసు. కాక అటు చూడకుండానే "వదినా, కూర మాడుతది సూడు" అన్నాడు. పొయ్యి మీద అసలు కూరే లేదు. అమ్మ అట్లాగే నిలబడిపోయింది. చొక్కా వేసుకోనిచ్చారు. చెప్పులు వేసుకోనివ్వలేదు. నాలుగో భాగాన్నీ నా కాగితాన్నీ కూడా తీసుకుపోయారు.

బాపు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా అదే నల్ల మొహంతో యూనియన్ పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఠాణాకు పోయాడు. చీకటి పడకముందే తిరిగొచ్చాడు. లోపలికే రానివ్వలేదట. "మ్యాపు దొరికిందంటున్నరు. కరెంటు ఫ్యాక్టరీ మీద దాడికి అంటున్నరు. వీడు నాదే అని ఒప్పుకున్నడంట. నీకేమన్న ఎరుకేనా?" అని అమ్మను అడిగాడు. అమ్మ నన్ను చూసింది. నేను గోడను చూశాను. "నాకేం ఎరుక" అంది అమ్మ. నన్ను కాపాడటానికే అంది. ఆ క్షణం నుంచి మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

నేను చెప్పలేదు. చెబితే నన్ను తీసుకుపోతారు. చెప్పకపోతే కాకను ఉంచుకుంటారు. ఈ రెండిటి మధ్య నా పదకొండేళ్ల బుద్ధి గానుగెద్దులా తిరిగింది. పెన్సిలును తీసుకుపోయి బొగ్గు కుప్ప అడుగున దాచాను. దొరికితే దాని ములుకు చూసి కనిపెడతారనుకున్నాను. జీపు చప్పుడైతే మంచం కిందికి దూరేదాన్ని. నీళ్ల ట్యాంకరు చప్పుడుకు కూడా దూరాను. మంచం కింద ఉండి కాక మాట తలుచుకున్నాను, 'నాదే సార్'. పుస్తకంలో వీరులు ఇట్లాంటిది చేస్తే నేను ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు మాత్రం, ఎందుకన్నావు కాకా, నేను ఇప్పుడు ఏం చేయాలి అని కోపం వచ్చింది.

సోమవారం బడికి పంపారు. ఇంట్లో ఉంటే ఎవరైనా అడుగుతారని అమ్మ భయం. మా తెలుగు టీచరమ్మ మా వెనక వరుస క్వార్టర్లోనే ఉండేది. తాత కాలం నుంచి బొగ్గుబాయిల్లో పనిచేసిన క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. తెల్ల చీర, ఇస్త్రీ మడత, చేతిలో చెక్క స్కేలు. కాక పుస్తకాలంటే ఆమెకు గిట్టదు. "ఆ దయ్యాల పుస్తకాలు పిల్లకు అంటగట్టకు" అని వాకిట్లో నిలబడి కాకను రెండుసార్లు కడిగింది. ఆ రోజు డిక్టేషను. 'మేళం' అని చెప్పింది. నాకు ళ ఎప్పుడూ తప్పే, తోకను లోపలికి కాకుండా బయటికి తిప్పేదాన్ని. ఆమె నా పలక మీద చూసి, "మళ్ల గదే తప్పా?" అని స్కేలు ఎత్తింది. 'దళం'లో కూడా అట్లాగే రాశానని నాకు గుర్తొచ్చింది. దెబ్బ పడకముందే ఏడ్చేశాను. ఆ ఏడుపు చూసి ఆమె స్కేలు దించి నన్ను బయటికి తీసుకుపోయింది. పంపు దగ్గర నిలబడి అంతా చెప్పేశాను.

ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఏడవకు అని కూడా అనలేదు. "ఇంకెవలకు చెప్పినవ్?" అంది.

"ఎవలకు చెప్పలే టీచరమ్మా."

"ఆ పేర్లన్ని ఆ పుస్తకాలల్ల ఉన్నయా? నిజం చెప్పు. నువ్వు కల్పించినవి ఏమన్న ఉన్నయా?"

"లేవు. అన్ని ఉన్నయ్. పొగగొట్టాలే నావి."

ఆమె లోపలికి పోయి సెలవు చీటీ రాసింది. సర్వీసులో అది ఆమె మొదటి సెలవని తర్వాత బడిలో చెప్పుకున్నారు. నన్ను వెంటబెట్టుకుని బజారుకు పోయింది. షాపాయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కాక సంగతి అప్పటికే తెలిసినట్టుంది, మొహం పాలిపోయి ఉంది. "అమ్మా, నాకేం సంబంధం లేదు, ఎవలు అద్దెకు తీస్కపోతరో నేను రాసుకోను" అన్నాడు.

"నీ సంబంధం నేను అడగలే. ఏడు భాగాలల్ల నాలుగోది కాక మిగిలినయన్ని ఇయ్యి. నేను చదువాలె."

ఆయన గల్లా వెనకనుంచి ఆరు పుస్తకాలు తీసి, కనపడకుండా పాత చీర గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి అమ్మతో, బాపుతో మాట్లాడింది. నేను తలుపు వెనక ఉన్నాను. బాపు నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నాను. ఆయన నా చేతిని తీసుకుని వేళ్లు చూశాడు, పెన్సిలు పట్టిన వేళ్లు. తర్వాత టీచరమ్మతో, "పిల్లను ఠాణాకు పంప. వాడు పోయిండు చాలదా?" అన్నాడు.

అమ్మే మాట్లాడింది. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. "నేను కూసొని రెండు దినాలు అబద్ధం ఆడిన. ఆ పిలగాడు తల్లి చచ్చినంక నా చేతి బువ్వ తిని పెరిగిండు. పిల్ల పోతది. టీచరమ్మ చెయ్యి పట్టుకొని పోతది."

సోమవారం సాయంత్రం నుంచి బుధవారం పొద్దుటి దాకా టీచరమ్మ ఆ ఆరు పుస్తకాలు చదివింది. నేను ఆమె ముందు గదిలో చాప మీద కూర్చునేదాన్ని. ఆ ఇంట్లో ఫినాయిలు, ఇస్త్రీ బట్టలు, రస్కుల వాసన. ఆమె రాగి జావ కాచి గ్లాసు నా పక్కన పెట్టి, తాను తాగడం మరిచిపోయేది. "ఆయుధాల గుహ మొదలు ఎక్కడ వస్తది?" అని అడిగేది. నేను వెతికి చూపిస్తే, పాత పరీక్ష పేపర్లు చింపిన చీటీ పెట్టి దాని మీద పేరు రాసేది. కుర్చీలో నిటారుగా కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టే చదివింది. మధ్యమధ్యలో కోపం వచ్చేది. "ఏడు పుస్తకాల రాజ్యంల ఒక్క బడి లేదు. ఈ అక్కకు చదువు చెప్పినోళ్లెవరు?" అంది ఒకసారి. ఇంకోసారి చాలాసేపు పేజీ తిప్పకుండా ఉండిపోయింది. చూస్తే మూడో భాగం చివర. రాక్షసుడి చెరలో తమ్ముడు గోడ మీద అక్క పేరు రాసే చోటు. అద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. నేను చూశానని తెలిసి, "పోయి మొహం కడుక్కో" అని నన్ను లేపింది.

బుధవారం పది గంటలకు ఠాణా వరండాలో కూర్చున్నాం. నాకు స్టూలు ఇచ్చారు. ఆమె బెంచీ మీద, ఒళ్లో ఆరు పుస్తకాలు, చీటీలు ఈకల్లా బయటికి. లోపలినుంచి చప్పుడు వస్తే నేను ఉలిక్కిపడేదాన్ని. ఏ చప్పుడైనా సరే, కుర్చీ జరిపినా. కాక లోపల ఎక్కడున్నాడో తెలియదు. ఉన్నాడో లేడో తెలియదు. అట్లా తీసుకుపోయిన వాళ్లలో కొందరు మళ్లీ రాలేదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. రెండుసార్లు మమ్మల్ని వెళ్లిపొమ్మన్నారు. "సార్‌ను చూసే పోతం" అని ఆమె రెండుసార్లూ అదే గొంతుతో అంది, క్లాసులో అన్నట్టే. మధ్యాహ్నం రాళ్లు పేల్చినప్పుడు వరండా వణికింది. ఆ తర్వాత పిలిచారు.

ఇన్స్‌పెక్టరు బల్ల మీద నా కాగితం గాజు కింద పరిచి ఉంది. పక్కన నాలుగో భాగం. టీచరమ్మ ఒక్కో చీటీ తీసి చదివి చూపించింది. ఆయన విన్నాడు. "టీచర్ గారూ, మీరు తెలివైనవారు. పుస్తకం చూసి కథ అల్లొచ్చు కదా?" అన్నాడు. తర్వాత నా ముందు ఒక తెల్ల కాగితం, పెన్సిలు పెట్టాడు. "గీయి."

ఏరు గీత రంపంలా వచ్చింది. అయినా గీశాను. వంతెన, అడవి, గుహ, పొగగొట్టాలు. పేర్లు రాశాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. టీచరమ్మ లేచి వేలు పెట్టి చూపించింది. "ఈ ళ చూడున్రి సార్. తోక బయటికి. పాత దాంట్ల గూడ గంతే. ఈ తప్పుకు ఈ పిల్లను నేను ఎన్నిసార్లు కొట్టిన్నో బడిల ఎవలనైన అడగున్రి."

"దళం అంటే ఎవరు?" అన్నాడు ఆయన నా వైపు వంగి.

"వెయ్యిమంది సార్. గుర్రాల మీద ఉంటరు. వాళ్ల నాయకునికి ఒక కన్ను లేదు."

"కోటకు ఈ పొగగొట్టాలు పుస్తకంలో ఉన్నాయా?"

"లేవు సార్."

"మరి ఎందుకు పెట్టావు?"

"నేను చూసిన వాటిల గదే పెద్దది సార్."

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు మెల్లగా అన్నాడు, "నాయకునికి ఒక కన్ను లేని మాట నిజమే సార్. నూట ఇరవయ్యో పేజీ దగ్గర ఉన్నది."

ఇన్స్‌పెక్టరు తల తిప్పాడు. "నువ్వెప్పుడు చదివావు?"

"కేసు కోసం చదివిన సార్" అన్నాడు కానిస్టేబులు, తల దించుకుని.

మమ్మల్ని పంపించేశారు. ఏమీ తేల్చి చెప్పలేదు. మెట్లు దిగుతుంటే ఆ కానిస్టేబులు వెనకే వచ్చి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, "టీచరమ్మా, ఆ తమ్ముడు బతుకుతడా?" అని అడిగాడు. ఆమె ఆగింది. "బతుకుతడు" అంది. "ఏడో భాగంల." గేటు దాటాక ఆమె నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. అప్పటిదాకా ఆమెకూ భయమేనని నాకు తెలియలేదు.

మరునాడు మధ్యాహ్నం కాకను వదిలారు. బాపు సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. దిగి ఇంట్లోకి నడిచేటప్పుడు కాక పాదాలు అంచుల మీద వేశాడు, వేడి రాళ్ల మీద నడిచినట్టు. అమ్మ ఉప్పూ పసుపూ వేసిన వేన్నీళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. అన్నం పెడితే తిన్నాడు. నన్ను పిలిచి తన కంచంలోనుంచి ఒక ముద్ద పెట్టాడు. నేను మింగలేకపోయాను, నోట్లోనే ఉంచుకుని బయటికి పరిగెత్తాను. అప్పుడే సైరను మోగింది. నేల వణికేసరికి కాక కంచం వదిలి గోడ మూలకు వెళ్లి ముడుచుకున్నాడు. కొన్నాళ్లు ప్రతి మధ్యాహ్నం అట్లాగే చేశాడు. తర్వాత మానేశాడు. పుస్తకాలు మాత్రం మళ్లీ తేలేదు.

టీచరమ్మ పుస్తకాలన్నీ షాపుకు తిరిగిచ్చింది, ఏడోది తప్ప. అది ఇంకో రెండు రోజులు ఉంచుకుంది. "చివర తొందరపడి చదివిన, మళ్ల ఒకసారి చూడాలె" అంది. తర్వాత నాతో, యుద్ధం బాగానే రాశాడు గానీ తమ్ముడు ఇంటికొచ్చాక ఎట్లా ఉన్నాడో ఒక్క పేజీ కూడా రాయలేదని, అది పెద్ద లోపమని చెప్పింది. ఆమె ఇప్పుడు లేదు. ఆ కాలనీ కూడా లేదు. ఓపెన్‌కాస్టు పెరుగుతూ వచ్చి మా వరుసలన్నీ తీసేశారు. మా వరండా ఉన్నచోట ఇప్పుడు గుట్టంత మట్టి పోసి ఉంది.

కాకకు తర్వాత బాయిలోనే కొలువు దొరికింది. ఇప్పుడు రిటైరై నస్పూర్‌లో ఉంటున్నాడు. ఫోను పెట్టేసిన మరుసటి వారం నేను అక్కడికి పోయాను. చిన్నమ్మ లోపల చాయ్ పెడుతోంది. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట ఆ రోజు అనేశాను.

"కాకా, నేను నీకొక మాట చెప్పలే. ఆదివారం పొద్దుగాల నిన్ను తీస్కపోయిన్రు. సోమారం పగటీలి దాంక నేను ఎవలకు చెప్పలే. భయమై నోరు మూసుకున్న. అప్పుడే చెప్తె నువ్వు జల్ది వస్తుండె. ఆ కాళ్లు అట్ల కాకపోతుండె."

కాక నన్ను అట్లాగే చూశాడు. నేనేదో పిచ్చి మాట మాట్లాడినట్టు.

"గిది మనసుల పెట్టుకున్నవా ఇన్నేండ్లు?"

"ఆఁ."

"ఏం పిల్లవే నువ్వు. లోపల నేను ఏం మొక్కుకున్ననో ఎరుకేనా? పిల్ల చెప్పద్దు, పిల్ల చెప్పద్దు అని మొక్కుకున్న. చెప్తె నిన్ను గాడికి తెస్తరని. కొడుతున్నప్పుడు గూడ నాకు గంత భయం కాలే. బుధారం నాడు ఆ కానిస్టేబుల్ వచ్చి, మీ పిల్ల వరండల స్టూలు మీద కూసున్నది అన్నడు సూడు..."

అరచేత్తో మోకాలు రుద్దుకుంటూ వాకిలి వైపు చూశాడు.

చిన్నమ్మ చాయ్ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న కాక చెయ్యి వణుకుతోంది. నాదీ వణుకుతోంది. చిన్నమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంది, చలి పెడుతున్నదా?" అని లేచి వెళ్లి ఫ్యాను తగ్గించింది.